ఏడు గుర్రాల ఊళ్లో 21 గేర్ల సైకిల్

కార్తీకమాసం, ఆదివారం. ఇంకా అయిదు కాలేదు. అరసవల్లి అప్పటికే లేచి కూర్చుంది. కొబ్బరికాయల దుకాణాల్లో లైట్లు వెలిగాయి. శ్రీకాకుళం నుంచి ఆటోలు ఒకదాని వెనక ఒకటి వచ్చి జనాన్ని దింపుతున్నాయి. పూజ చేయించడానికి తెచ్చిన కొత్త బళ్లు ఓ పక్కన వరసగా నిలబడ్డాయి. పసుపు పూసిన ట్రాక్టరు, రెండు మోటారు సైకిళ్లు, ఒక సరుకుల ఆటో... ఆ వరస చివర్లో మా మేనల్లుడు, వాడి సైకిలు!

పంతులుగారు మంత్రాలు చదువుతూ వచ్చి సైకిలు దగ్గర ఆగారు. నవ్వుతూ ‘దీనికి బొట్టెక్కడ పెట్టమంటావురా?’ అన్నారు.

‘హేండిలుకి పెట్టండి పంతులుగారూ. చక్రానికి మాత్రం వద్దు. రిమ్ముకి కుంకం, నూనె తగిలితే బ్రేకు జారిపోద్ది’ అన్నాడు వాడు.

అంతకు నాలుగు నెలల ముందు వాడికి రిమ్మంటే ఏమిటో తెలియదు. నాకూ అంతంత మాత్రమే. ఈ నాలుగు నెలల్లో మామా అల్లుళ్లిద్దరం శ్రీకాకుళంలో ఎన్ని సైకిలు షాపులు ఎక్కి దిగామో లెక్కలేదు. ఇదంతా అనవసరమైన సరదా అనుకునేవాళ్లకి ముందుగా ఒక మాట చెప్పాలి. ఆ సైకిలు కొన్న 16 వేల రూపాయలూ మా చెల్లెలు మిషను కుట్టి, చీటీ కట్టి కూడబెట్టినవి. పైగా అది వాడి రెండో సైకిలు. మొదటిది ఆరునెలలకే మూలపడింది. ఇది కూడా పోతే మూడోది ఉండదు. ఇంటర్ చదివే పిల్లాడు గార మండలంలోని వాళ్ల ఊరి నుంచి కాలేజీకి రోజూ పది కిలోమీటర్లు బస్సు కోసం కాచుకుని వెళ్లాల్సిందే.

ఒకటే చక్రం... తొడల్లేని సారథి

అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి గురించి తెలుగువాళ్లకి కొత్తగా చెప్పేదేముంది? కళింగను ఏలిన గాంగ రాజు దేవేంద్రవర్మ ఏడో శతాబ్దంలో కట్టించాడంటారు. ఏటా మార్చి 9, 10 తేదీల్లో, మళ్లీ అక్టోబరు 1, 2 తేదీల్లో ఉదయపు కిరణాలు నేరుగా వచ్చి మూలవిరాట్టు పాదాలను తాకేలా గుడి అమరిక ఉంటుంది. మబ్బు పట్టిన ఏడాది ఆ దృశ్యం కోసం వచ్చినవాళ్లు నిరాశగా తిరిగి వెళ్తారు. వజ్రాయుధంతో ఇంద్రుడు తవ్వాడని చెప్పే ఇంద్రపుష్కరిణి గుడి ముందే ఉంది. ఊరి పేరు ఒకప్పుడు హర్షవల్లి అని, అదే అరసవల్లి అయిందని పెద్దలు చెబుతారు. రథసప్తమికి అయితే కాలు పెట్టే చోటుండదు.

స్వామి రథానికి ఏడు గుర్రాలు, ఒకటే చక్రం అని పురాణం. సారథి అనూరుడికి తొడలే లేవు. పుష్కరిణి గట్టు మీద కూర్చుని ఈ కథ చెబితే మావాడు కాసేపు ఆలోచించాడు. ‘అయితే ఆయనకి సైకిలు పనికిరాదు మావయ్యా, మొత్తం తొడల మీదే కదా’ అన్నాడు. నవ్వొచ్చింది గానీ, ఎక్కుడు దారిలో సైకిలు తొక్కినవాడి మాట అది.

మొదటి సైకిలు ఎలా పోయిందంటే

మొదటిది సెకండ్ హ్యాండు. ధర 9 వేలు. ముందూ వెనకా స్ప్రింగులు, లావుపాటి గొట్టాలు, ఎరుపూ నలుపూ స్టిక్కర్లు. చూడ్డానికి చిన్నసైజు మోటారు సైకిలే! అమ్మినాయన ‘ఎదిగే కుర్రాడు కదా, ఒక సైజు పెద్దదే తీసుకోండి’ అన్నాడు. స్కూలు యూనిఫాం కొన్నట్టే కొన్నాం. అదే మేం చేసిన మొదటి తప్పు.

రెండో తప్పు శాలిహుండం వెళ్లినరోజు తెలిసింది. కొండ దగ్గర దారి ఎక్కుడు మొదలైంది. వాడు పెడలు మీద బలమంతా పెట్టి తొక్కుతుంటే సైకిలు ముందుకు పోవడం మానేసి, వెనక స్ప్రింగు మీద కిందికీ పైకీ ఊగడం మొదలెట్టింది. తొక్కిన తొక్కుడులో సగం ఆ స్ప్రింగే మింగేసింది. ఇంకో నెలకి వెనక భాగాన్ని ఫ్రేముకి కలిపే బోల్టు దగ్గర బుష్షులు అరిగి, చక్రం అటూ ఇటూ తల ఆడించసాగింది. అరసవల్లి జంక్షన్‌ దగ్గర చాలాకాలంగా సైకిళ్లు బాగుచేస్తున్న మెకానిక్‌ దాన్ని తలకిందులుగా నిలబెట్టి చూశాడు.

‘ఈ ఎనక స్ప్రింగు ఎందుకెట్టినారో నాకైతే తెల్దు బావూ. నా కాడికొచ్చే ఇలాంటి బళ్లన్నీ దీనికోసమే వత్తన్నాయి. దీని బుష్షులు ఈడ దొరకవు. దొరికినా మళ్లీ అరిగిపోద్ది’ అన్నాడు.

వెనక సస్పెన్షన్‌ చెడ్డదని కాదండీ. లక్షల్లో అమ్మే సైకిళ్లకి దాన్ని చాలా లెక్కవేసి తయారుచేస్తారు. పది, పదిహేను వేల సైకిలుకి పెట్టే స్ప్రింగు మాత్రం అలంకారమే. ఒకటిన్నర, రెండు కిలోల అదనపు బరువు, నాలుగైదు అరిగే భాగాలు. అంతకుమించి ఏమీ ఉండదు. అందుకే ఈసారి హార్డ్‌టెయిల్‌ అనుకున్నాం. ముందు ఫోర్కుకి మాత్రమే స్ప్రింగు ఉండి, వెనకంతా కదలని గట్టి ఫ్రేముండే కొండ సైకిలుకి ఆ పేరు.

అసలు కొండ సైకిళ్ల పుట్టుకే స్ప్రింగులు లేకుండా జరిగింది. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత ఇనప సైకిళ్లకి లావు టైర్లేసి టామల్‌పైస్‌ కొండ మట్టిదారుల్లో దిగేవారు. 1976లో ఆ ప్రాంతంలో మొదలైన పందేనికి ‘రీప్యాక్‌’ అని పేరు. ఒక్కసారి దిగేసరికి వెనక బ్రేకులోని గ్రీజు కాలి పొగైపోయేది. మళ్లీ గ్రీజు కూరితే గానీ రెండోసారి దిగలేరు. ఆ పేరు అలా వచ్చింది. కుప్పలుగా తయారుచేసి అమ్మిన మొదటి కొండ సైకిలు స్టంప్‌జంపర్‌ 1981లో బజారుకొచ్చినప్పుడు కూడా దానికి స్ప్రింగులు లేవు. మావాడికి ఈ కథ నచ్చింది. వెనక స్ప్రింగు మీద ఆశ అక్కడితో వదిలింది.

మామూలు సైకిలు చాలదా?

మా నాన్నగారు అడిగిన ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. తారు రోడ్డు మీద పోయిరావడమే పనైతే నల్లటి పాత రకం సైకిలుని మించింది లేదు. ధర తక్కువ, క్యారియరు ఉంటుంది, బియ్యం బస్తా కూడా మోస్తుంది. కొండ సైకిలు బొడిపెల టైరు తారు మీద బుర్రుమంటూ కాళ్లను లాగేస్తుంది.

కానీ వీళ్ల ఊరి నుంచి రోడ్డెక్కాలంటే ముందు కాలవగట్టు మీద రెండు కిలోమీటర్లు రావాలి. వానాకాలం బురద. ఎండాకాలం ట్రాక్టరు చాళ్లు ఎండి రాయిలా గట్టిపడతాయి. సెలవు రోజైతే వాడి కాలు శాలిహుండం వైపో, కళింగపట్నం ఇసక వైపో లాగుతుంది. అక్కడ సన్న టైరు కూరుకుపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం గేరు. మామూలు సైకిలుకి పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం రెండు చుట్లకు పైనే తిరుగుతుంది. సాపు నేల మీద అది బాగానే ఉంటుంది. కొండ సైకిలుకి ముందు 24 పళ్ల చిన్న చక్రం, వెనక 28 పళ్ల పెద్ద చక్రం వేసుకుంటే, పెడలు ఒక చుట్టు తిరిగినా వెనక చక్రం ఒక్క చుట్టు కూడా పూర్తిగా తిరగదు. నడక వేగంతో అయినా సరే, కూర్చునే ఎక్కొచ్చు. దిగి తోసుకుంటూ వెళ్లక్కర్లేదు.

షాపుల్లో నేర్చుకున్నది

షాపుకెళ్లగానే అందరూ ముందు రంగు చూపిస్తారు. తర్వాత డిస్క్‌ బ్రేకు చూపిస్తారు. మేం ఒక చిన్న కాగితం పట్టుకెళ్లేవాళ్లం. అందులో మొదటి మాట ‘సైజు’. బూట్లతో సైకిలు మీద కాళ్లు రెండు వైపులా వేసి నేల మీద నిలబడితే పై గొట్టానికీ, కాళ్ల సందుకీ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ ఉండాలి. సైకిలు మీద కూర్చుని హేండిలు పట్టుకుంటే మోచేతులు కొద్దిగా వంగాలి. చేతులు బిగుసుకుపోతే ఆ సైకిలు పెద్దదైనట్టే. ఎదిగాక సీటు పైకి లేపుకోవచ్చు, ఫ్రేముని కుదించలేం కదా!

ఇక అసలు పేచీ. మా డబ్బుకి రెండు సైకిళ్లు తేలాయి. ఒకటి ఇనప ఫ్రేము, రెండు చక్రాలకీ డిస్క్‌ బ్రేకులు, కళ్లు చెదిరే రంగు. రెండోది అల్యూమినియం ఫ్రేము, రిమ్మును రెండు పక్కలా పట్టే వి-బ్రేకులు, చప్పటి బూడిద రంగు. గేర్లు రెండింటికీ ముందు మూడు, వెనక ఏడు, మొత్తం 21. మావాడి చూపంతా డిస్కుల మీదే.

నేను రెండోదాని వైపే నిలబడ్డాను. సముద్రం దగ్గర ఊరది. ఉప్పుగాలికి ఇంటి కిటికీ ఊచలే తుప్పు పడుతున్నాయి. ఇనప గొట్టం లోపల తుప్పు మొదలైతే పైకి కనిపించదు. అల్యూమినియంకి ఆ బాధ లేదు. బోల్టులు, చైను మాత్రం చూసుకోవాలి. పైగా చవక డిస్క్‌ బ్రేకు కొంచెం వంకరపోయినా రోజంతా కీచుమంటూ రాసుకుంటుంది, దాన్ని సరిచేయడానికి ఓపిక కావాలి. వి-బ్రేకు రబ్బర్లు అరిగితే ఏ పల్లెటూరి మెకానిక్కయినా నిమిషాల్లో మార్చేస్తాడు. బురదలో, వానలో డిస్కు మెరుగ్గా పట్టే మాట నిజమే. కొండవాలు మట్టిదారుల్లో రోజూ దిగేవాడైతే నేనూ డిస్కే కొనమనేవాణ్ని. ఫ్రేము జీవితకాలం వస్తువు, బ్రేకు మార్చుకునే వస్తువు. మా డబ్బుకి రెండూ మంచివి రావు.

ముందు ఫోర్కు గురించీ నిజం చెప్పుకోవాలి. ఈ ధరలో వచ్చేది లోపల ఇనప స్ప్రింగున్న బరువైన ఫోర్కే. ఒక్క ఫోర్కే రెండు, రెండున్నర కిలోలు తూగుతుంది. ముందు బ్రేకు పట్టుకుని హేండిలు మీద బలంగా నొక్కితే అది సాఫీగా దిగాలి, సాఫీగానే పైకి రావాలి. ‘టక్‌’మని ఎగరకూడదు. బ్రేకు పట్టుకునే సైకిలుని ముందుకీ వెనక్కీ ఊపితే గిలక్కాయలా ఆడకూడదు. రెండు షాపుల్లో ఈ పరీక్షకే ఫోర్కులు దొరికిపోయాయి. ఇంకా తక్కువ డబ్బుంటే? నా మటుకు నేను స్ప్రింగే లేని గట్టి ఫోర్కు కొంటాను. లావు టైరులో గాలి కాస్త తగ్గిస్తే సగం కుదుపు అదే తీసేస్తుంది.

చక్రం 26 అంగుళాలదే తీసుకున్నాం. ఇప్పుడు 27.5, 29 అంగుళాలవి ఎక్కువగా వస్తున్నాయి. గుంతల మీద పెద్ద చక్రం తేలిగ్గా దొర్లుతుంది కూడా. కానీ మేం తిరిగిన షాపుల్లో 26 ట్యూబు అడిగిన వెంటనే చేతిలో పెట్టారు, 29 అంటే ‘వైజాగ్‌ నుంచి తెప్పిస్తాం’ అన్నారు. సోమవారం పొద్దున్న పంచరైతే వైజాగ్‌ వంద కిలోమీటర్ల పైన! ట్యూబు వాల్వు మోటారు సైకిలుకుండే రకమే చూసుకున్నాం. పెట్రోలు బంకులో కూడా గాలి పట్టొచ్చు.

ధర దగ్గర ఒక చిన్న సంగతి. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. పన్నుతో కలిపి 14 వేలున్న సైకిలుకి లెక్క ప్రకారం 875 రూపాయలు తగ్గాలి. పాత చీటీ అంటించి ఉన్న సైకిలైతే ఈ మాట గుర్తు చేయాలి. మేం గుర్తు చేశాం. కాస్త బేరం ఆడి 13,600కి తెగ్గొట్టాం.

మిగిలిన 2,400 సైకిలులో పెట్టలేదు. హెల్మెట్‌ 900, చేతిపంపు 350, లైటు 300, మడ్‌గార్డులు 300, అదనపు ట్యూబు 250, తాళం 250. చేతిలో యాభై రూపాయలు మిగిలాయి. అదే ఆ ఆదివారం అరసవల్లిలో కొబ్బరికాయ అయింది!

ఇంకొక్కటి మర్చిపోయాను. సైకిళ్లు షాపుకి సగం విప్పి అట్టపెట్టెల్లో వస్తాయి. అక్కడ బిగించేవాడి చెయ్యి మంచిదైతేనే మన సైకిలు మంచిది. ఒక షాపులో ఫోర్కు వెనక్కి తిప్పి బిగించిన సైకిలు దర్జాగా అద్దాల వెనక నిలబడి ఉంది. మేం కొన్నదాన్ని నేరుగా మన జంక్షన్‌ మెకానిక్‌ దగ్గరకే తీసుకెళ్లాం. చక్రాలు తిప్పి, పుల్లలు ఒక్కొక్కటీ వేలితో మీటి, నాలుగు బిగించాడు. ‘రెండు వారాలు తొక్కి మళ్లీ ఇటు రా బావూ. కొత్త తీగలు సాగుతాయి, గేరు తప్పుద్ది. అప్పుడు ఒకపాలి సరిసేత్తే ఇంక సూసుకోనక్కర్నేదు’ అన్నాడు.

కొండ దాకా... కడలి దాకా

పూజ అయ్యేసరికి తూర్పు తెల్లబడింది. వాడు కొత్త సైకిలు మీద, నేను నా పాత స్కూటరు మీద, అరసవల్లి దాటి గార వైపు బయల్దేరాం. రోడ్డుకి రెండు పక్కలా తాటిచెట్లు, కోతకొచ్చిన వరి. మంచు ఇంకా చేల మీదే ఉంది. సముద్రం వైపు నుంచి ఎదురుగాలి. వాడు గేరు దించి, తల వంచి నిదానంగా తొక్కుతున్నాడు. కుడి వైపు దారి పడితే శ్రీకూర్మం. విష్ణుమూర్తి కూర్మావతారానికి అంత పెద్ద గుడి మరెక్కడుంది? అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్లను చూపించమని వాడు చిన్నప్పుడు ఏడ్చేవాడు. ఈసారి ఆగుదామా అంటే ‘ముందు కొండ మావయ్యా’ అన్నాడు.

శాలిహుండం శ్రీకాకుళానికి 18 కిలోమీటర్లు. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ. ఆ కొండ మీద ఇటికల స్తూపాలు, చైత్యాలు. ఇక్కడి బౌద్ధ శిథిలాలను 1919లో లోకం దృష్టికి తెచ్చింది మన గిడుగు రామమూర్తిగారే. వాడుక భాష కోసం పోరాడిన ఆయనకు ఈ గుర్తింపు కూడా దక్కాలి. తవ్వకాల్లో దొరికిన తార, మారీచి విగ్రహాలను కింద మ్యూజియంలో చూడొచ్చు.

ఎక్కుడు మొదలయ్యే చోట నేను స్కూటరు ఆపేశాను. పోయినసారి వాడు దిగి సైకిలు తోసుకుంటూ, ముఖం ఎర్రగా చేసుకుని, నాతో మాట్లాడకుండా నడిచింది ఇక్కడే. ఈసారి ‘కటక్‌’మని ముందు గేరు చిన్నదానికి మారిన శబ్దం వినిపించింది. తర్వాత చైను చప్పుడు, ఊపిరి చప్పుడు. వెనక భాగం ఊగలేదు. ఒకచోట కంకర మీద చక్రం జారింది. కాలు కింద పెడతాడనుకున్నాను. పెట్టలేదు. వంపు తిరిగి కనిపించకుండా పోయాడు. నేను వెనకే వెళ్లేసరికి పైన చెట్టు నీడలో హెల్మెట్‌ తీసి కూర్చుని ఉన్నాడు.

స్తూపాల దగ్గరికి సైకిలు తీసుకెళ్లకూడదు. తాళం వేసి నడిచే ఎక్కాం. పైనుంచి చూస్తే వంశధార వెడల్పుగా, ఇసక మేటలతో, బద్ధకంగా సముద్రం వైపు పోతోంది. అది కలిసే చోటే కళింగపట్నం. ఒకప్పటి ఓడరేవు. ఇప్పుడు బీచీ, లైట్‌హౌసూ, పడవలూ. బౌద్ధం ఈ నది మీంచే ఓడలెక్కి తూర్పు దేశాలకు వెళ్లిందంటే, ఈ కొండ మీద నిలబడ్డప్పుడు నమ్మాలనిపిస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు ముక్కలు. రైలుకైతే ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్‌ స్టేషన్లో దిగాలి. అక్కణ్నుంచి శ్రీకాకుళం, ఆ పక్కనే అరసవల్లి. శ్రీకాకుళం నుంచి బస్సుల్లో, ఆటోల్లో కళింగపట్నం వెళ్లొచ్చు. సైకిలు మీదైతే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తర్వాత ఎండకి ఓర్చుకోలేం. శాలిహుండం మీద తాగేందుకు నీళ్లు వెంట తీసుకెళ్లాలి.

మేం కళింగపట్నం చేరేసరికి ఎనిమిదిన్నర. తడి ఇసక మీద వాడు గాలి కొంచెం తీసేసి నాలుగు చుట్లు కొట్టాడు. పొడి ఇసకలో మాత్రం లావు టైరు కూడా కూరుకుపోయింది. సరుగుడు చెట్ల కింద మా చెల్లెలు కట్టిచ్చిన ఉప్మా తిన్నాం. నేను బయల్దేరదామని లేచాను. వాడు లేవలేదు. జేబులోంచి పాత బనీను ముక్క తీసి ఫోర్కు గొట్టాలు తుడవడం మొదలెట్టాడు.

‘ఇంటికెళ్లాక తుడుచుకోవచ్చు కదరా?’

‘ఉప్పు మావయ్యా’ అన్నాడు తలెత్తకుండా. ‘అమ్మ చీటీ ఇంకా మూడు నెలలుంది.’